సీతాకోకచిలుకకు వెల ఎంత?



విదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు గల కుటుంబాలు ఇప్పుడు మన విచారణల్లో చాలానే ఉన్నాయి. పూర్వం ఆ పిల్లలు పంపే డబ్బు అప్పులు తీర్చడానికి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకు, ఊళ్ళో ఇంటికి శ్లాబు వేయించడానికి సరిపోయేది. ఇప్పుడు కొందరికి అవన్నీ తీరి ఇంకా కొంత మిగులుతున్నది. మిగిలిన డబ్బు తన వెంట కొత్త ప్రశ్నలను తెస్తుంది. ఈ వారం అలాంటి ప్రశ్న ఒకటి చూద్దాం. లండన్‌లో ఉన్న కుమారుడు గోడకు తగిలించుకోవడానికి ఒక సీతాకోకచిలుకల బొమ్మ కొన్నాడు. చేతితో గీసింది కాదు, అచ్చు వేసింది. దానికి చిత్రకారుని సంతకం, ఒక సంఖ్య ఉన్నాయి. వెల మన రూపాయల్లో రెండున్నర లక్షల పైమాటే. "దీన్ని దుబారా అనుకోవాలా ఫాదర్ గారూ, పాపం అనుకోవాలా, లేక మాబోటి వాళ్ళకు తెలియని విలువ ఏదైనా అందులో ఉందా?" అని తల్లి అడుగుతున్నారు.

మొదటి రెండు ప్రశ్నలకు తొందరపడి జవాబు చెప్పేయడం తేలిక. మూడవ ప్రశ్నకు ఆగి ఆలోచించాలి. ముందుగా ఆ బొమ్మలోని ప్రాణి సంగతి చూసి, తరువాత దాని ధర సంగతికి వద్దాం.

గ్రీకు భాషలో ఆత్మకూ సీతాకోకచిలుకకూ ఒకే మాట ఉన్నది. అందుకే ఆ కాలపు శిల్పులు ఆత్మను సీతాకోకచిలుక రెక్కలున్న కన్యగా చెక్కారు. నేలమీద పాకే గొంగళిపురుగు గూడు కట్టుకొని, అందులో చచ్చినట్లు పడి ఉండి, ఒకనాడు రెక్కలతో బయటికి రావడం కళ్ళారా చూసిన మనిషి తన చావును గురించి ఆలోచించక మానడు. మన పూర్వ క్రైస్తవులు ఆ గుర్తును ఉత్థానానికి అన్వయించుకున్నారు. నాలుగవ శతాబ్దంలో కైసరియ పీఠాధిపతిగా ఉన్న పునీత బసీలు, సృష్టి ఆరు దినాలను గురించి చేసిన ప్రసంగాల్లో పట్టుపురుగును సాక్షిగా పిలిచాడు. ఉత్థానంలో మన శరీరాలు మార్పు చెందుతాయని పౌలు చెప్పిన మాటను నమ్మలేనివారు ఆ పురుగును చూడాలన్నాడు. పట్టుదారం చుడుతూ కూర్చున్న స్త్రీలు ఆ సమయంలో పురుగు పొందిన మార్పును తలచుకొని ఉత్థానాన్ని నమ్మాలన్నాడు. చేతిలో పని, మనసులో విశ్వాసం. ఇంకో ముచ్చట ఏమంటే, ఆయన దాన్ని భారతదేశపు పురుగు అని పిలిచాడు.

తరువాత అవిలాపురి పునీత తెరేజమ్మ గారు. ఆమె 1577లో ఆత్మను ఏడు నివాసాలు గల కోటగా వర్ణిస్తూ ఒక గ్రంథం రాశారు. అందులో అయిదవ నివాసం దగ్గర ఈ పట్టుపురుగే వస్తుంది. మల్బరీ ఆకులు తిని పెరిగిన పురుగు తన నోటినుంచే దారం తీసి ఇల్లు కట్టుకుంటుంది, ఆ ఇంట్లో చనిపోతుంది, చిన్న తెల్లని సీతాకోకచిలుకగా బయటికి వస్తుంది. మనం కట్టుకోవలసిన ఆ ఇల్లు క్రీస్తే అంటారామె. నాకు ముచ్చటగా తోచేది ఆమె నిజాయితీ. ఇదంతా తాను స్వయంగా చూడలేదనీ, విన్నదే చెబుతున్నాననీ అక్కడే రాసుకున్నారు.

ఆమె చూడలేదు గాని మన హిందూపురం, ధర్మవరం ప్రాంతాల వాళ్ళు చూశారు. పట్టుగూళ్ళ పని తెలిసినవారికి ఈ ఉపమానం చెబితే కాసేపు విని ఒక మాట అంటారు. గూటిలోంచి రెక్కల పురుగు బయటికి వచ్చిందంటే ఆ గూడు చెడినట్లే. ఒక్కొక్క గూటిలో దారం తెగకుండా కిలోమీటరు దాకా ఉంటుంది. పురుగు దారి చేసుకొని బయటికి వచ్చిందా, ఆ దారం తెగుతుంది, గూడు తీతకు పనికిరాదు. అందుచేత లోపలి ప్రాణిని ఆవిరితోనో వేడితోనో ముందే చంపుతారు. మార్కెట్టులో మంచి ధర పలికేది సీతాకోకచిలుక ఎగిరిపోని గూడే. పట్టు కట్టుకునేవారిని నిందించడానికి ఇది చెప్పడం లేదు. మన గుడుల్లో పీఠం మీద గుడ్డలు, పండుగనాటి పూజావస్త్రాలు కూడా పట్టువే గదా. ఒకే గూడు బసీలుగారికి ఒక సంగతి, వ్యాపారికి ఇంకో సంగతి అని గుర్తుంచుకుంటే చాలు.

ఇక లండన్‌కు వెళ్దాం. సీతాకోకచిలుకను ఈ కాలపు కళావ్యాపారంలో అందరికంటే ఎక్కువగా వాడుకున్న చిత్రకారుడు డేమియన్ హర్‌స్ట్. 1965లో పుట్టాడు, లీడ్స్ నగరంలో పెరిగాడు. తల్లి కతోలికురాలు, ఆయనను కతోలికునిగానే పెంచింది. 1991లో లండన్‌లో ఆయన ఏర్పాటు చేసిన ప్రదర్శనకు రెండు అంతస్తులు. పై గదిలో తెల్లని కాన్వాసులకు గూళ్ళు అంటించారు. అందులోంచి సీతాకోకచిలుకలు పుట్టి, ఆ గదిలోనే ఎగిరి, అక్కడే చనిపోయాయి. కింది గదిలో రంగు పూసిన కాన్వాసులకు చచ్చిన సీతాకోకచిలుకలు అతుక్కొని ఉన్నాయి, పక్కన సిగరెట్ పీకలతో నిండిన బూడిదగిన్నెలు. 2012లో టేట్ మోడర్న్ మ్యూజియంలో ఆ గదిని మళ్ళీ ఏర్పాటు చేస్తే, 23 వారాల్లో తొమ్మిది వేలకు పైగా సీతాకోకచిలుకలు చనిపోయాయని పత్రికలు రాశాయి. మూగజీవాల సంరక్షణ సంఘం వారు అభ్యంతరం చెప్పారు.

ఆ మనిషిని దూషించి ఊరుకుంటే సరిపోదు. ఈ గుర్తుకు అర్థం ఏమిటో ఆయనకు బాగా తెలుసు. 2008లో సీతాకోకచిలుకల రెక్కలను చర్చి కిటికీల రంగుటద్దాల్లాగా వృత్తాలుగా పేర్చి 150 చిత్రాలు చేశాడు. వాటికి మన కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల లాటిన్ పేర్లే పెట్టాడు. ఆ మరుసటి ఏడే కొన్నింటిని వజ్రపు పొడి అద్దిన ప్రింట్లుగా, పరిమిత సంఖ్యలో విడుదల చేశారు. దావీదు రాజు పేదరికంలో, పరుగులో, పశ్చాత్తాపంలో ప్రార్థించాడని మనం చెప్పుకునే ఆ కీర్తనలు వజ్రపు పొడితో! ఇందులో ఎగతాళి ఎంత, వెతుకులాట ఎంత అన్నది దేవుడే చూస్తాడు. చిన్నప్పుడు విన్న ప్రార్థనలు మనిషిని అంత తేలిగ్గా వదలవని మాత్రం నా అభిప్రాయం.

ఇంతకూ ఆ ప్రింటుకు అంత ధర ఎందుకు? కాగితం, రంగు, కూలి కలిపితే ఆ ధరలో చిన్న భాగం కూడా కాదు. దాన్ని లిమిటెడ్ ఎడిషన్ అంటారు, అంటే ఇన్నే అచ్చువేస్తాం, ఆపైన వేయం అని ముందుగా మాట ఇచ్చి అమ్మడం. యాభైలో పన్నెండవది అయితే 12/50 అని రాస్తారు. పాత పద్ధతిలో ఆ లెక్క పూర్తి కాగానే అచ్చు వేసిన రాగిరేకు మీద అడ్డంగా గీతలు గీసేవారు, ఇక దాని నుంచి మంచి ప్రతి రాదు. అసలు మొదట్లో ప్రింట్లు పుట్టింది ఇందుకు కాదు. పుణ్యక్షేత్రాలకు వెళ్ళిన పేదలు పునీతుల బొమ్మలను నాలుగు కాసులకు కొనుక్కొని ఇంటి తలుపుకు అంటించుకోవడానికి పుట్టాయి. రేకు అరిగేదాకా అచ్చు వేసేవారు. మన దేశంలో రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టించింది కూడా బొమ్మ ప్రతి ఇంటికీ చేరాలనే. మన ఇళ్ళల్లో గడప దాటగానే కనబడే యేసు తిరుహృదయ పటం ఆ కుటుంబానికి చెందినదే. అది ఎన్నవ ప్రతి అని మనలో ఎవరైనా అడిగారా?

ఇప్పటి లెక్క వేరు. 2010లో హర్‌స్ట్ "ఆత్మలు" అనే పేరుతో మెరుపు రేకు అద్దిన సీతాకోకచిలుకల ప్రింట్లు తెచ్చాడు. ఒక్కొక్క ప్రింటు 15 ప్రతులు మాత్రమే. వినడానికి ఎంతో అరుదుగా ఉన్నది. కాని సీతాకోకచిలుకలు నాలుగు రకాలు, ఒక్కొక్కటి 80 రంగుల కలయికల్లో. గుణించి చూడండి, 4,800 అవుతాయి. పదిహేనులో ఒకటి అని రాసిన మాట అబద్ధం కాదు, కొన్నవాని మనసులో మెదిలే బొమ్మ మాత్రం నిజం కాదు. 2022లో అయిదుగురు మహారాణుల పేర్లతో, వారిలో మన నూర్జహాన్ కూడా ఉన్నది, అయిదు సీతాకోకచిలుకల ప్రింట్లు అమ్మారు. ఒక్కొక్కటి 3,500 డాలర్లు. ఎన్ని అచ్చు వేయాలో ముందు చెప్పలేదు. కొద్ది రోజుల గడువు పెట్టి, ఆ గడువులోపల ఎందరు కొంటే అన్ని. వేలమంది కొన్నారు. అక్కడ హద్దు పెట్టింది చిత్రకారుని శక్తి కాదు, కాగితం కొరత కాదు, గడియారం.

మన ఊళ్ళల్లో వెంచర్ల వాళ్ళు "ఇంకా పది ప్లాట్లే ఉన్నాయి" అని కరపత్రాలు పంచుతుంటారు. ఏడాది తరువాత చూసినా ఆ పది ప్లాట్లు అలాగే ఉంటాయి. లండన్ వాళ్ళను చూసి మనం మరీ నవ్వనక్కరలేదు.

ఇది అన్యాయమా? పునీత తోమాసు అక్వినాసు పదమూడవ శతాబ్దంలోనే క్రయవిక్రయాల న్యాయాన్ని గురించి విపులంగా చర్చించాడు. గురువిద్యాలయంలో ఆ భాగం చదివేటప్పుడు పాతకాలపు సంతల గొడవ మనకెందుకు అనిపించేది, ఇప్పుడు చూస్తే అది ఈ ఉదయపు వార్తాపత్రికలాగే ఉన్నది. వస్తువును దాని విలువకు మించి అమ్మడానికి మోసాన్ని వాడితే పాపం అంటాడాయన. కొనేవాని అవసరాన్ని చూసి, అమ్మేవానికి నష్టమేమీ లేకపోయినా ధర పెంచడం తప్పంటాడు. వస్తువులోని దాగిన లోపాన్ని చెప్పాలంటాడు. ఇంకో చిత్రమైన సందర్భం కూడా తీసుకుంటాడు. కరువు ఊరికి ఒక వ్యాపారి గోధుమలు తెచ్చాడు, వెనుక ఇంకా చాలామంది తెస్తున్నారని అతనికి తెలుసు, చెబితే ధర పడిపోతుంది. చెప్పాలా? న్యాయం దృష్టిలో చెప్పకపోయినా తప్పులేదు, చెబితే మాత్రం అది మరింత సుగుణం అని తీర్పు.

ఈ కొలతతో చూస్తే, తిండి, నీరు, మందులను దాచి కొరత పుట్టించడం వేరు, బొమ్మకు కొరత పుట్టించడం వేరు. 2021లో కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు ప్రాణవాయువు సిలిండర్లను నల్లబజారులో అమ్మినవారు చేసినది మనుషుల ఊపిరిని అమ్ముకోవడం. బొమ్మ లేక ఎవరూ చావరు. కొనేవాడు కళ్ళు తెరిచే కొంటున్నాడు. కనుక అమ్మడమే పాపం అని నేను అనను, కొనడమే పాపం అని అంతకన్నా అనను.

కాని ఒకటి గమనించండి. ఆ ధరలో పెద్ద భాగం ఒక మాటకు చెల్లించే ధర. "ఇంక వేయను" అన్న మాట. మాట మీద నిలబడిన వ్యాపారంలో సత్యం చిన్న విషయం కాదు. 2021లో హర్‌స్ట్ సీతాకోకచిలుకలు కాక, రంగు చుక్కలు వేసిన కాగితాలు 10,000 అమ్మాడు, ఒక్కొక్కటి 2,000 డాలర్లు. కొన్నవారు కాగితం ఉంచుకోవాలి, లేదా కంప్యూటరులో ఉండే హక్కుపత్రం ఉంచుకోవాలి, రెండూ కుదరవు. 5,149 మంది కాగితం కోరుకున్నారు. మిగిలిన 4,851 కాగితాలను 2022 అక్టోబరు నుంచి లండన్‌లో తగలబెట్టడం మొదలుపెట్టారు. ఆ కాగితాలన్నీ 2016లో చేసినవని చెప్పారు. కనీసం వెయ్యి ఆ తరువాతి సంవత్సరాల్లో చేసినవని 2024లో గార్డియన్ పత్రిక బయటపెట్టింది. ఆలోచన పుట్టిన సంవత్సరాన్ని వేయడం రివాజే అని చిత్రకారుని పక్షంవారి సమాధానం. అక్వినాసు ఆ సమాధానాన్ని ఒప్పుకునేవాడో లేదో పాఠకులే చెప్పాలి. బిడ్డ పుట్టిన తేదీ బదులు పెళ్ళిచూపుల తేదీని జ్ఞానస్నానపు రిజిస్టరులో రాయమని ఎవరైనా అడిగితే నేనైతే రాయను.

ఇంతకన్నా లోతైన విషయం ఇంకొకటి ఉన్నది, అది అమ్మేవాని గురించి కాదు, కొనేవాని హృదయం గురించి. పరిమిత ప్రతిని తిరిగి అమ్మి లాభం పొందాలని కొన్నవాడు ఏమి కోరుకోవాలి? ఆ బొమ్మను చాలామంది ఆశించాలి, వాళ్ళకు అది దొరకకూడదు. ఈ రెండూ కలిస్తేనే ధర పెరుగుతుంది. ఒకరి ఇంట్లో ప్రతి కాలిపోతే మిగిలినవాటి విలువ కొంచెం పెరుగుతుంది. పొరుగువాని లోటు మీద నా సంతోషం ఆధారపడిన చోట నా ఆత్మ ఏ స్థితిలో ఉన్నట్లు? పునీత అగుస్తీను మేలులను రెండు రకాలుగా చూశాడు. పంచుకుంటే తరిగిపోయేవి కొన్ని, పంచుకుంటే తరగనివి కొన్ని. తరగనిదాన్ని పంచకుండా దాచుకున్నవాడు దాన్ని సరిగా కలిగి ఉన్నవాడే కాడని ఆయన భావం. పాస్కా జాగరణ రాత్రి దీపాలన్నీ ఆర్పి, ఒక్క పాస్కా క్రొవ్వొత్తి నుంచి మనం వెలుగు అందుకుంటాం. ముందు పీఠబాలకులు, తరువాత ముందు వరుసలు, చివరకు గుడి బయట చెట్టు కింద నిలబడినవారు. నాలుగువందలవ క్రొవ్వొత్తికి అందిన మంట మొదటిదానికన్నా చిన్నదా? దాని మీద సంఖ్య వేసి ఏమి లాభం?

సీతాకోకచిలుకను బసీలుగారు, తెరేజమ్మగారు ఈ రెండవ రకం మేలుకు గుర్తుగా వాడారు. ఉత్థానంలో నాకు దొరికినదాని వల్ల మీకు తగ్గదు. ఆ గుర్తునే మొదటి రకం మేలుగా మార్చి, సంఖ్య వేసి, గడువు పెట్టి అమ్మడం చూసినప్పుడు నాకు హిందూపురం గూడే గుర్తుకు వస్తుంది. దారం దక్కింది, చిలుక ఎగరలేదు. మనలో కూడా ఈ జబ్బు లేకపోలేదు సుమా. గుడిలో ఫ్యాను ఇచ్చి రెక్క మీద పేరు రాయించుకునేవారున్నారు, ముందు బల్లకు చందా ఇచ్చి ఆ పేరుపలక మీద ఇంకొకరి పేరు రాకూడదని పట్టుబట్టేవారున్నారు. వారి దానం దేవునికి చేరలేదని అనలేను. పలక మాత్రం లిమిటెడ్ ఎడిషనే.

కనుక ఆ తల్లికి నా జవాబు ఇది. అమ్మా, మీ అబ్బాయి దుడుకుపని చేశాడో లేదో ఆ బొమ్మను బట్టి తెలియదు, అతని మిగతా లెక్కను బట్టి తెలుస్తుంది. అవసరంలో ఉన్న బంధువుల చేయి విడిచి కొన్నాడా, వారికి ఇవ్వవలసింది ఇచ్చాక మిగిలినదానితో కొన్నాడా? చూసి సంతోషించడానికి కొన్నాడంటే, ఆ సంతోషం అతనికి ఇప్పటికే ముట్టింది, రేపు ధర పడిపోయినా నష్టం లేదు. అమ్ముకోవడానికి కొన్నాడంటే 2008 సంగతి ఒకసారి చదవమనండి. ఆ ఏడు సెప్టెంబరు 15, 16 తేదీల్లో హర్‌స్ట్ తన కొత్త చిత్రాలను సోత్‌బీ సంస్థలో నేరుగా వేలం వేస్తే 11 కోట్ల పౌండ్లకు పైగా వచ్చాయి. ఆ వేలం మొదలైన రోజే అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసింది. ఆ తరువాత ఏడాదికల్లా ఆయన చిత్రాల ధరలు బాగా పడిపోయాయి. ఇంకొక మాట కూడా అడగండి. ఇంటికి వచ్చిన స్నేహితులకు ఆ బొమ్మను చూపించేటప్పుడు అతను మొదట ఏది చెబుతాడు, రెక్కల రంగులనా, వెనుక ఉన్న సంఖ్యనా? ఈ ప్రశ్నకు జవాబు మీకు చెప్పనక్కరలేదు, తనకు తెలిస్తే చాలు.

ప్రింట్ల ధరల మాట వచ్చింది గనుక, ఒక పాత ప్రింటు సంగతి కూడా ఈ కుటుంబాలకు తెలియాలి. హాలండ్ దేశపు రెంబ్రాంట్ 1648 ప్రాంతంలో రాగిరేకు మీద చెక్కిన బొమ్మ అది. మత్తయి సువార్త 19వ అధ్యాయం: ప్రభువు మధ్యలో నిలబడి ఉన్నాడు, ఒక పక్క వాదించే పరిసయ్యులు, ధనికుడైన యువకుడు, బిడ్డలను తెచ్చే తల్లులు, ఇంకో పక్క చీకటిలోంచి వస్తున్న రోగులు. ఇంత బొమ్మకు లోకం పెట్టిన పేరు "నూరు గిల్డర్ల చిత్రం". ఆ రోజుల్లోనే ఒక ప్రతి నూరు గిల్డర్లు పలికిందన్న ప్రతీతి వల్ల ఆ పేరు నిలిచిపోయింది. అరిగిపోయిన ఆ రేకును తరువాత విలియం బెయిలీ అనే సైనికాధికారి కొని, 1775లో మరమ్మతు చేసి, నూరు ప్రతులు తీసి, ఇంకెవరూ తీయకుండా దాన్ని ముక్కలుగా కోయించాడు. ఇప్పుడు దాని ప్రతులు మ్యూజియముల్లో ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని రైక్స్ మ్యూజియం వారు తమ దగ్గరి బొమ్మల నకళ్ళను ఎవరైనా ఉచితంగా తీసుకునేలా కంప్యూటరులో ఉంచారు. మీ పిల్లలను అడిగితే ఫోనులో తీసి చూపిస్తారు. పెద్దది చేసి చూడండి. ప్రభువు పాదాల దగ్గర చాప మీద పడుకున్న ఒక స్త్రీ బలహీనంగా చేయి ఎత్తుతున్నది, ఆమె వెనుక ఒక రోగిని తోపుడుబండి మీద తీసుకొస్తున్నారు.